టూ-స్ట్రోక్ మోటోక్రాస్ బండి: వాల్వులు లేని ఇంజన్‌లో ఆకారం చేసే పని

యమహా ఆర్‌ఎక్స్ 100 సైలెన్సర్‌ను విప్పి నేల మీద పెట్టి, దాని పక్కనే అదే కంపెనీ మోటోక్రాస్ (మట్టి ట్రాక్ రేసు) బండి వైజెడ్ 250 పైపును ఉంచితే, రెండూ టూ-స్ట్రోక్ ఇంజన్లవే అంటే నమ్మబుద్ధి కాదు. మొదటిది ఈ చివర నుంచి ఆ చివర దాకా దాదాపు ఒకే లావున సాగే గొట్టం. రెండోది సిలిండర్ దగ్గర సన్నగా మొదలై, ముందు చక్రం వైపు వంపు తిరిగి, ఇంజన్ పక్కకు వచ్చేసరికి మేకను మింగిన కొండచిలువలా లావెక్కి, మళ్లీ హఠాత్తుగా సన్నబడి, రెండు వేళ్లు పట్టేంత మూతితో ముగుస్తుంది. దాని వెనుక ఉన్న చిన్న అల్యూమినియం డబ్బానే అసలు సైలెన్సర్. ముందున్న లావుపాటి భాగానికి శబ్దం తగ్గించే పని లేదు. సిలిండర్‌లో ఎంత మిశ్రమం నిలవాలో, ఎప్పుడు నిలవాలో నిర్ణయించడం దాని పని. ఆర్‌ఎక్స్ 100 తన 98 సీసీ నుంచి 11 అశ్వశక్తి ఇచ్చేది. ఆ లెక్కన 249 సీసీ ఇంజన్‌కు 28 రావాలి. వైజెడ్ 250 మాత్రం 45కు అటూ ఇటూగా ఇస్తుంది. ఆ తేడాలో పెద్ద వాటా ఈ పైపుకే చెందుతుంది. మోటోక్రాస్ బండిలోని రీడ్ వాల్వ్, పవర్ వాల్వ్, గేర్‌బాక్స్, క్లచ్ వంటి తక్కిన భాగాలు ఎందుకు అలా ఉన్నాయో అర్థం కావాలన్నా ఈ పైపు దగ్గరే మొదలుపెట్టాలి.

ముందుగా ఇంజన్ పని తీరు. 1890 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో జోసెఫ్ డే రూపొందించిన పద్ధతే నేటికీ ఆధారం. పిస్టన్ పైకి వెళుతున్నప్పుడు దాని కింద ఉన్న క్రాంక్‌కేస్ అనే గదిలో ఖాళీ పెరిగి, కార్బొరేటర్ వైపు నుంచి గాలి, పెట్రోల్, ఆయిల్ కలిసిన మిశ్రమం లోపలికి వస్తుంది. పిస్టన్ కిందికి దిగుతున్నప్పుడు ఆ మిశ్రమం కొద్దిగా నొక్కుకుపోయి, సిలిండర్ గోడల్లో ఉన్న ట్రాన్స్‌ఫర్ పోర్టులు అనే రంధ్రాల గుండా పైకి చేరుతుంది. అదే సమయంలో ఎదురుగా ఉన్న ఎగ్జాస్ట్ పోర్టు గుండా కాలిన వాయువు బయటికి పోతుంది. కామ్‌షాఫ్ట్ లేదు, ఫోర్-స్ట్రోక్‌లోలా సిలిండర్ తల మీద వాల్వులు లేవు, టైమింగ్ చైన్ లేదు. గోడలో ఉన్న రంధ్రాలను పిస్టనే తెరుస్తుంది, పిస్టనే మూస్తుంది. ఫోర్-స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి మండితే, ఇది ప్రతి చుట్టుకూ మండుతుంది.

ఈ సరళతకు ఒక మూల్యం ఉంది. పిస్టన్ దిగేటప్పుడు ఎగ్జాస్ట్ పోర్టు ట్రాన్స్‌ఫర్ పోర్టుల కంటే ముందు తెరుచుకోవాలి, లేకపోతే మండుతున్న వాయువు వెనక్కి క్రాంక్‌కేస్‌లోకి చొరబడుతుంది. ముందుగా తెరుచుకున్న రంధ్రం, పిస్టన్ తిరిగి పైకి వెళ్లేటప్పుడు చివరగా మూసుకోక తప్పదు. ఎందుకంటే రెండు ప్రయాణాల్లోనూ పిస్టన్ అంచు అదే ఎత్తున అదే గీతను దాటుతుంది. అంటే తాజా మిశ్రమం వచ్చే దారులు మూతపడ్డాక కూడా అది బయటికి పారిపోయే దారి కాసేపు తెరిచే ఉంటుంది. వాల్వులున్న ఇంజన్‌లో వాటిని కదిపే కామ్ ఆకారం మార్చి ఈ చిక్కును విప్పుకోవచ్చు. ఇక్కడ ఆ అవకాశం లేదు. టూ-స్ట్రోక్ ఇంజనీరింగ్ చరిత్ర చాలా వరకు ఈ ఒక్క లోపాన్ని సరిదిద్దడానికి జరిగిన ప్రయత్నాల చరిత్రే.

తొలి మెరుగుదల సిలిండర్ లోపలే జరిగింది. పాత ఇంజన్లలో పిస్టన్ నెత్తిన ఒక గోడలాంటి ఎత్తు ఉండేది. లోపలికి వచ్చే మిశ్రమం నేరుగా ఎగ్జాస్ట్ వైపు దూసుకుపోకుండా అది అడ్డుపడేది. ఆ ఎత్తు వల్ల పిస్టన్ బరువెక్కేది, వేడెక్కేది. 1920ల్లో జర్మన్ ఇంజనీర్ అడాల్ఫ్ ష్నూర్లే ట్రాన్స్‌ఫర్ పోర్టులను ఎగ్జాస్ట్ పోర్టుకు చెరో పక్కన, దానికి వ్యతిరేక దిశలో గురిపెట్టి అమర్చాడు. రెండు ధారలూ వెనుక గోడ దగ్గర కలుసుకుని, గోడ వెంట పైకెక్కి, సిలిండర్ హెడ్ కింద తిరిగి, కాలిన వాయువును ముందుకు తోస్తూ కిందికి దిగుతాయి. పిస్టన్ నెత్తి దాదాపు చదునుగా మారింది. నేటి మోటోక్రాస్ సిలిండర్‌లో పక్కలకు రెండేసి ట్రాన్స్‌ఫర్ పోర్టులు, వెనుక ఒకటో రెండో అదనపు పోర్టులు ఉంటాయి. వాటి కోణాలు ఒకటి రెండు డిగ్రీలు మారినా ఇంజన్ స్వభావం మారుతుంది. సిలిండర్‌ను చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టి లోపలికి చూస్తే, గోడ కంటే రంధ్రాలే ఎక్కువేమో అనిపిస్తుంది.

ఇంత చేసినా కొంత మిశ్రమం ఎగ్జాస్ట్‌లోకి జారిపోతూనే ఉంటుంది. దాన్ని తిరిగి సిలిండర్‌లోకి తెచ్చే పనిని పైపు తీసుకుంటుంది. ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకున్న క్షణంలో లోపలి ఒత్తిడి ఒక తరంగంగా బయలుదేరి, పైపులో ధ్వని వేగంతో ప్రయాణిస్తుంది. పైపు విచ్చుకునే చోటికి చేరగానే, అందులో కొంత భాగం పీల్చే తరంగంగా మారి వెనక్కి వస్తుంది. అది సిలిండర్‌ను చేరేసరికి ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరిచి ఉంటాయి కనుక కాలిన వాయువును బయటికి లాగడమే గాక, క్రాంక్‌కేస్ నుంచి తాజా మిశ్రమాన్ని కూడా పైకి లాగుతుంది. ఈ ఉత్సాహంలో కొంత మిశ్రమం పైపు మెడలోకి కూడా వెళ్లిపోతుంది. మిగిలిన తరంగం ముందుకు సాగి, పైపు మళ్లీ సన్నబడే చోట తగిలి, ఈసారి తోసే తరంగంగా తిరిగొస్తుంది. మెడలోకి వెళ్లిపోయిన తాజా మిశ్రమాన్ని అది, పోర్టు మూసుకునే చివరి క్షణంలో, మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. ఒక్క భాగమూ కదలకుండా, రేకుతో చేసిన రెండు శంకువులు పంపు పని చేస్తాయి.

ఈ లెక్కను ఒకసారి అంకెల్లో చూస్తే విషయం కళ్లకు కడుతుంది. క్రాంక్ ఒక చుట్టు తిరిగే 360 డిగ్రీల్లో ఎగ్జాస్ట్ పోర్టు 190 డిగ్రీల పాటు, ట్రాన్స్‌ఫర్ పోర్టులు 130 డిగ్రీల పాటు తెరిచి ఉండే ఇంజన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మోటోక్రాస్ ఇంజన్లకు ఇవి దగ్గరి అంకెలే. నిమిషానికి 8,000 చుట్ల దగ్గర ఒక చుట్టుకు 7.5 మిల్లీసెకన్లు పడుతుంది. ఎగ్జాస్ట్ తెరుచుకున్న 3.3 మిల్లీసెకన్లకు ట్రాన్స్‌ఫర్ పోర్టులు మూసుకుంటాయి. దాదాపు 4 మిల్లీసెకన్లకు ఎగ్జాస్ట్ కూడా మూసుకుంటుంది. మిశ్రమం పారిపోగల సమయం ఆ మధ్యనున్న 0.6 మిల్లీసెకన్లే, తోసే తరంగం రావలసిందీ అప్పుడే. వేడి వాయువులో ధ్వని సెకనుకు 520 మీటర్ల వేగంతో పోతుందనుకుంటే, 3.5 మిల్లీసెకన్లలో వెళ్లి రావడానికి వెనుక శంకువు పోర్టు నుంచి సుమారు 90 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మోటోక్రాస్ పైపును టేపుతో కొలిచినా దాదాపు అంతే వస్తుంది.

ఇప్పుడు అదే పైపుతో ఇంజన్‌ను 6,000 చుట్లకు దించితే, తరంగం అదే 3.5 మిల్లీసెకన్లలో తిరిగొస్తుంది గానీ క్రాంక్ అప్పటికి 126 డిగ్రీలే తిరిగి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ పోర్టులు ఇంకా తెరిచే ఉంటాయి. తరంగం కాలిన వాయువును మళ్లీ లోపలికి నెట్టి, వస్తున్న తాజా మిశ్రమానికి అడ్డుపడుతుంది. 9,500 దగ్గర తరంగం వచ్చేసరికి తలుపు మూసే ఉంటుంది, వచ్చిన తోపు వృథా. టూ-స్ట్రోక్ మోటోక్రాస్ బండి కింద నీరసంగా ఉండి, ఒక చోటు దాటగానే వెనుక నుంచి ఎవరో తన్నినట్టు దూకి, పైన ఠక్కున ఆగిపోవడానికి కారణం ఇదే. దాన్ని బండి మొండితనంగా, స్వభావంగా చెప్పుకోవడం అలవాటైంది గానీ, అది 90 సెంటీమీటర్ల దూరానికీ ధ్వని వేగానికీ మధ్య ఉన్న కచ్చితమైన సంబంధం.

ఈ పైపు ఈ రూపానికి రావడానికి ఎక్కువగా కృషి చేసిన వ్యక్తి తూర్పు జర్మనీలోని చోపావు పట్టణంలో ఎంజెడ్ కంపెనీ రేసింగ్ విభాగాన్ని నడిపిన వాల్టర్ కాడెన్. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజన్ 25 అశ్వశక్తి ఇచ్చింది. అంటే లీటరుకు 200. గాలిని బలవంతంగా ఎక్కించే సూపర్‌చార్జర్ లేని ఇంజన్ ఆ అంకెను అందుకోవడం అప్పటికి అపూర్వం. అదే ఏడాది ఆయన జట్టు రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్‌లో జరిగిన రేసు తర్వాత పశ్చిమానికి పారిపోయి, ఆ విజ్ఞానాన్ని జపాన్‌లోని సుజుకీకి చేర్చాడు. మరుసటి ఏడాదే సుజుకీ 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచింది. తక్కిన జపాన్ కంపెనీలు కూడా అదే దారిలో నడిచాయి. 1970లో బెల్జియం రైడర్ జోయెల్ రాబర్ట్ సుజుకీ మీద 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ చాంపియన్ అయ్యేనాటికి, బరువైన యూరోపియన్ ఫోర్-స్ట్రోక్ బండ్ల కాలం ముగిసిపోయింది. కాడెన్ పేరు మన దగ్గర మెకానిక్కులకు కూడా పెద్దగా తెలియకపోవడం బాధ కలిగించే విషయం. టూ-స్ట్రోక్ బండి నడిపిన ప్రతివారూ ఆయనకు ఎంతో కొంత రుణపడి ఉన్నారు.

పైపు ఒక వేగానికే సరిపోతుంది గనుక, ఇంజన్ వేగాన్ని బట్టి పోర్టునే మార్చే ఏర్పాటు తర్వాత వచ్చింది. అదే పవర్ వాల్వ్. 1977లో యమహా తన 500 సీసీ రోడ్ రేసింగ్ బండిలో దీన్ని వాడింది. 1980ల మొదటి సగానికల్లా మోటోక్రాస్ బండ్లకూ వచ్చేసింది. ఎగ్జాస్ట్ పోర్టు పై అంచు దగ్గర కదిలే ఒక లోహపు ముక్క ఉంటుంది. తక్కువ వేగంలో అది కిందికి దిగి పోర్టు ఎత్తును తగ్గిస్తుంది. పోర్టు ఆలస్యంగా తెరుచుకుని త్వరగా మూసుకోవడంతో, మండిన వాయువు పిస్టన్‌ను ఇంకాస్త దూరం తోస్తుంది, పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు మిశ్రమం పారిపోయే సమయం తగ్గుతుంది, తప్పు సమయంలో వచ్చే తరంగానికి తలుపు సందు చిన్నదవుతుంది. వేగం పెరిగాక ఆ ముక్క పైకి లేచి పోర్టును పూర్తిగా విప్పుతుంది.

వైజెడ్ బండ్లలో దీన్ని నడిపేది కంప్యూటర్ కాదు. క్రాంక్ నుంచి గేరుతో తిరిగే ఒక గిన్నెలో ఉక్కు గోళీలు ఉంటాయి. వేగం పెరిగే కొద్దీ అవి బయటి వైపు ఎగబాకి, ఒక స్ప్రింగ్‌ను నొక్కుతూ మీట ద్వారా వాల్వ్‌ను తిప్పుతాయి. కేటీఎం బండ్లలో చాలా ఏళ్ల పాటు స్ప్రింగ్‌ను మార్చుకునే వీలు ఉండేది. మెత్తని స్ప్రింగ్ వేస్తే వాల్వ్ త్వరగా తెరుచుకుని బండి ఒక్కసారిగా దూకుతుంది, గట్టి స్ప్రింగ్ వేస్తే లాగుడు నిదానంగా పెరుగుతుంది. ఇసుక ట్రాక్‌కు ఒకటి, వాన పడిన బంకమట్టికి మరొకటి. చేతి గోరంత వెడల్పున్న స్ప్రింగ్ బండి నడతను ఇంతగా మార్చడం ఈ యంత్రంలోని అందమైన విషయాల్లో ఒకటి. అయితే ఈ వాల్వ్ ఎప్పుడూ ఎగ్జాస్ట్ మంటలోనే ఉంటుంది గనుక దాని మీద ఆయిల్ మసి పేరుకుంటుంది. మసితో బిగుసుకుపోయిన పవర్ వాల్వ్ మూసి ఉన్న స్థితిలో ఆగితే బండి పైకి వెళ్లదు, తెరిచిన స్థితిలో ఆగితే కింద చచ్చిపోయినట్టు ఉంటుంది. కార్బొరేటర్ తప్పని అనుకుని జెట్లు (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాల ముక్కలు) మార్చి మార్చి అలసిపోయిన వాళ్లు చాలామంది ఉంటారు, తీరా చూస్తే అసలు దోషం ఇక్కడ దొరుకుతుంది.

మిశ్రమం లోపలికి వచ్చే వైపు ఉన్నది రీడ్ వాల్వ్. ఇంటి కప్పు ఆకారంలో ఉన్న చిన్న చట్రానికి పలుచని రేకులు అంటిపెట్టుకుని ఉంటాయి. క్రాంక్‌కేస్‌లో ఖాళీ ఏర్పడితే విచ్చుకుంటాయి, ఒత్తిడి పెరిగితే మూసుకుంటాయి. ఆర్‌ఎక్స్ 100లోనూ ఇవే ఉండేవి. మోటోక్రాస్ బండ్లలో ఇవి ఉక్కుకు బదులు కార్బన్ లేదా గాజు నారతో చేసినవి. నిమిషానికి ఎనిమిది వేలసార్లు కొట్టుకునే రేకు విరిగినా, ఆ ముక్క ఇంజన్‌లోకి పోయినప్పుడు లోహమంత నష్టం చేయదు. రీడ్ బ్లాక్‌ను విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రేకుల ఆరోగ్యం తెలిసిపోతుంది. మూసి ఉన్న రేకు అంచు కింద సన్నని వెలుతురు గీత కనిపిస్తే, లేదా మూల పీచులు లేచి ఉంటే మార్చవలసిందే. ఉదయం పదిసార్లు కిక్ కొట్టినా అందుకోని బండికి కారణం చాలాసార్లు ఆ వెలుతురు గీతే.

దాని వెనుక కార్బొరేటర్. వైజెడ్ 250లో 38 మిల్లీమీటర్ల కైహిన్ కార్బొరేటర్ ఉంటుంది. అందులో నిలకడ వేగానికి పైలట్ జెట్, మధ్యలో సూది, పూర్తి త్రాటిల్‌కు మెయిన్ జెట్ పని చేస్తాయి. ఇది గాలి సాంద్రతను తానుగా పసిగట్టలేదు. వేసవి మధ్యాహ్నం గాలి పలుచబడినప్పుడు అదే జెట్‌తో మిశ్రమంలో పెట్రోల్ పాలు ఎక్కువై ఇంజన్ మందగిస్తుంది. చలికాలం తెల్లవారుజామున గాలి చిక్కబడి పెట్రోల్ పాలు తగ్గి, పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో బిగుసుకుపోయే (సీజ్ అయ్యే) ప్రమాదం వస్తుంది. రెండింటిలో రెండోదే ఖరీదైన తప్పు. అందుకే అనుభవం ఉన్నవారు కాస్త ఎక్కువ పెట్రోల్ వైపే నిలుస్తారు. ప్లగ్ విప్పినప్పుడు కాఫీ రంగు కనిపిస్తే సరి, తెల్లగా ఎండిపోయి ఉంటే బండిని ఆపి జెట్ మార్చేదాకా నడపకూడదు.

ఆయిల్ విషయంలో రోడ్డు బండికీ మోటోక్రాస్ బండికీ ఉన్న తేడా కచ్చితంగా తెలిసి ఉండాలి. ఆర్‌ఎక్స్ 100కు విడిగా ఆయిల్ ట్యాంకు, త్రాటిల్‌తో కలిసి పనిచేసే ఆయిల్ పంపు ఉండేవి. మోటోక్రాస్ బండికి పంపు లేదు. చేతక్ స్కూటర్ రోజుల్లోలా పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోయాలి. బండిని బట్టి 30 పాళ్ల పెట్రోల్‌కు లేదా 40 పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు. 30కి ఒకటి లెక్కన 5 లీటర్ల పెట్రోల్‌కు సుమారు 167 మిల్లీలీటర్లు. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మంచిది కదా అని ఆయిల్ ఎక్కువ పోస్తే, అదే జెట్ గుండా వెళ్లే ద్రవంలో పెట్రోల్ వాటా తగ్గుతుంది. అంటే మిశ్రమం పలుచబడి ఇంజన్ మరింత వేడెక్కుతుంది. ఇంకొకటి, త్రాటిల్ పూర్తిగా మూసి పొడుగైన దిగుడు దిగుతున్నప్పుడు ఇంజన్ వేగంగా తిరుగుతూనే ఉంటుంది గానీ దానికి పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా అందదు. అప్పుడు క్లచ్ పట్టుకోవడమో, మధ్య మధ్యలో త్రాటిల్ కొద్దిగా విప్పడమో చేయాలి.

ఆ పలుచని ఆయిల్ తుంపరలే క్రాంక్‌కు ఆధారం కావడం వల్ల లోపలి బేరింగులన్నీ రోలర్లు, బాల్స్‌తో చేసినవే. ఫోర్-స్ట్రోక్ ఇంజన్లలో లాగా ఒత్తిడితో ఆయిల్ పంపే సాదా బేరింగులు ఇక్కడ పనికిరావు. కనెక్టింగ్ రాడ్ ఒకే ముక్క. దాన్ని మధ్యలో ఉంచి క్రాంక్ రెండు సగాలను ప్రెస్‌లో బిగిస్తారు. సిలిండర్ లోపలి గోడకు నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన పలుచని పూత ఉంటుంది. పాత టూ-స్ట్రోక్ బండ్లకు ఊరి మెకానిక్ దగ్గర బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించడం మామూలే గానీ, ఈ సిలిండర్‌కు ఆ వైద్యం చేస్తే పూత పోతుంది. గీతలు పడితే మళ్లీ పూత వేయించాలి లేదా సిలిండర్ మార్చాలి. అందుకు బదులుగా ఇనుప లైనర్ బరువు తప్పుతుంది, వేడి త్వరగా నీటి జాకెట్‌లోకి పోతుంది. పిస్టన్ రింగు కొనలు పోర్టులో చిక్కుకోకుండా, రింగు తిరగనివ్వని చిన్న పిన్ను పిస్టన్ గాడిలో దిగ్గొట్టి ఉంటుంది. రింగు వేసేటప్పుడు దాని రెండు కొనలూ ఆ పిన్నుకు అటూ ఇటూ కూర్చున్నాయో లేదో చూడకుండా సిలిండర్ దించితే, మొదటి కిక్కులోనే నష్టం జరిగిపోతుంది.

క్రాంక్‌కేస్ గాలి చొరని గది గనుక దాని రెండు వైపులా ఉన్న రబ్బరు సీళ్లు ఇంజన్ ప్రాణానికి కాపలాదారులు. క్లచ్ వైపు సీలు చెడితే గేర్‌బాక్స్ ఆయిల్ లోపలికి పీల్చుకుపోయి తెల్లని పొగ ఆగకుండా వస్తుంది, ఆయిల్ మట్టం కారణం లేకుండా తగ్గుతుంది. ఇది చెప్పి వచ్చే జబ్బు. విద్యుత్తు పుట్టించే మాగ్నెటో వైపు సీలు చెడితే మాత్రం పొగ ఉండదు, చుక్క కారదు. బయటి గాలి లోపలికి చేరి మిశ్రమం పలుచబడుతుంది. నిలకడలో ఇంజన్ తనంతట తాను రేజ్ అవడం, త్రాటిల్ మూసినా వేగం వెంటనే దిగకపోవడం దాని గుర్తులు. దాన్ని పట్టించుకోకపోతే పిస్టన్ కరిగి రంధ్రం పడే దాకా పోవచ్చు.

ఇగ్నిషన్ దగ్గర ఒక చిన్న విశేషం మాత్రం చెప్పుకోవాలి. కెపాసిటర్‌లో నిలిపిన విద్యుత్తుతో ప్లగ్‌ను మండించే, బ్యాటరీ లేని సీడీఐ పద్ధతిలో, గరిష్ఠ శక్తి ఇచ్చే వేగం దాటాక నిప్పురవ్వ కావాలనే కాస్త ఆలస్యమవుతుంది. ఆలస్యంగా మండిన వాయువు మరింత వేడిగా పైపులోకి పోతుంది. వేడి వాయువులో ధ్వని వేగం పెరుగుతుంది. తరంగం కాస్త ముందుగా తిరిగొచ్చి, పైపు పొట్టి అయినట్టు ప్రవర్తిస్తుంది. 9,500 దగ్గర మూసుకున్న తలుపును తట్టిన తరంగానికి ఇలా మరికొన్ని వందల చుట్లు కలిసివస్తాయి.

శక్తి ఇంత ఇరుకైన వేగాల మధ్య ఉన్నప్పుడు గేర్‌బాక్స్ దాన్ని కాపాడాలి. 250 సీసీ బండికి ఐదు గేర్లు సరిపోతాయి. 125 సీసీ బండికి శక్తి పట్టీ ఇంకా ఇరుకు కాబట్టి వైజెడ్ 125లో ఆరు గేర్లు, దగ్గర దగ్గర నిష్పత్తులతో ఉంటాయి. గేరు మారినప్పుడు ఇంజన్ పైపు పట్టే వేగం కంటే కిందికి పడిపోకూడదన్నదే లెక్క. అయినా మలుపులో పడిపోతుంది. అప్పుడు రైడర్ ఒక వేలితో క్లచ్‌ను ఠక్కున మీటి వదులుతాడు. చక్రంతో పట్టు సడలిన అర క్షణంలో ఇంజన్ రెండు వేల చుట్లు పైకి ఎగిరి, పైపు అందుకునే చోటికి చేరుతుంది. ప్లేట్లు అరిగిపోతాయి నిజమే. కానీ ఈ బండిలో క్లచ్ గేరు మార్చడానికి మాత్రమే ఉన్నదనుకునే రైడర్ ఎప్పటికీ వేగంగా పోలేడు. ఇంజన్ బ్రేకింగ్ (త్రాటిల్ మూసినప్పుడు ఇంజన్ బండిని నెమ్మదింపజేయడం) కూడా చాలా తక్కువ కావడంతో, మలుపు దాకా బండి స్వేచ్ఛగా దొర్లుతుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది.

చట్రం, సస్పెన్షన్ సంగతులు ఫోర్-స్ట్రోక్ మోటోక్రాస్ బండ్లకు పెద్ద భేదం లేనివే. వైజెడ్ 250కి 2005 నుంచి అల్యూమినియం ఫ్రేము, ముందు 48 మిల్లీమీటర్ల కయాబా ఫోర్కులు, సుమారు 300 మిల్లీమీటర్ల కదలిక, వెనుక ఒకే షాక్ అబ్జార్బర్ ఉన్నాయి. వెనుక ఒకే షాక్ పెట్టే ఆలోచన బెల్జియం ఇంజనీర్ లూసియన్ టిల్‌కెన్స్‌ది. యమహా దాన్ని తీసుకుని 1973లో హాకన్ ఆండర్సన్‌తో 250 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచింది. అసలు తేడా బరువులో ఉంది. పెట్రోల్ నింపిన వైజెడ్ 250 సుమారు 103 కిలోలు, అదే కంపెనీ 450 సీసీ ఫోర్-స్ట్రోక్ దాదాపు 109. ఆరు కిలోలే కదా అనిపిస్తుంది. కానీ తగ్గిన బరువులో చాలా భాగం సిలిండర్ తల మీద, ఎత్తున తిరిగే కామ్‌షాఫ్టులది. పైగా లోపల తిరిగే లోహం తక్కువ కావడం వల్ల గాలిలో ఉన్న బండిని పక్కకు వంచినా, మలుపులో పడుకోబెట్టినా అది అంతగా ఎదురు తిరగదు.

ఇన్ని గుణాలున్న బండి రేసుల్లో వెనుకబడడానికి యంత్రం కంటే నియమాలదే పెద్ద పాత్ర. కాలుష్య నిబంధనలు కఠినమవుతున్న 1990ల్లో ఫోర్-స్ట్రోక్‌ను ప్రోత్సహించేందుకు అమెరికాలో దానికి పెద్ద సైజు అనుమతించారు. 1997లో డగ్ హెన్రీ యమహా 400 సీసీ ఫోర్-స్ట్రోక్ ప్రయోగ బండితో లాస్ వెగాస్ సూపర్‌క్రాస్ (స్టేడియంలో జరిగే మోటోక్రాస్ రేసు) గెలిచాడు, మరుసటి ఏడాది వైజెడ్ 400ఎఫ్ అమ్మకానికి వచ్చింది. తర్వాతి వర్గీకరణలో 250 సీసీ టూ-స్ట్రోక్‌కు ఎదురుగా 450 సీసీ ఫోర్-స్ట్రోక్, 125కు ఎదురుగా 250 నిలిచాయి. రెండు చుట్లకు ఒకసారి మండే ఇంజన్‌కు కొంత వెసులుబాటు న్యాయమే. కానీ టూ-స్ట్రోక్ ప్రతి చుట్టులోనూ కొంత మిశ్రమాన్ని పారేసుకుంటుందనీ, దాని శక్తి ఇరుకైన పట్టీలోనే ఉంటుందనీ చూస్తే, దాదాపు రెట్టింపు సైజు ఇవ్వడం వెసులుబాటును దాటిపోయింది. 2005లో రికీ కార్మైకేల్ సుజుకీ ఆర్‌ఎం 250తో అమెరికా సూపర్‌క్రాస్ ప్రధాన టైటిల్ గెలిచాక ఆ టైటిల్ మళ్లీ టూ-స్ట్రోక్‌కు దక్కలేదు. 2007 మోడళ్లతో హోండా తన టూ-స్ట్రోక్ మోటోక్రాస్ బండ్లైన సీఆర్‌లను ఆపేసింది. యమహా మాత్రం ఆపలేదు.

2023 మోడళ్లలో కేటీఎం తన 250 ఎస్ఎక్స్‌కు కార్బొరేటర్ తీసేసి త్రాటిల్ బాడీలో పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్, కిక్కుకు బదులు సెల్ఫ్ స్టార్ట్, గోళీలు, స్ప్రింగులకు బదులు చిన్న మోటారుతో కదిలే పవర్ వాల్వ్ పెట్టింది. గాలి చిక్కదనాన్ని సెన్సర్లు చూసుకుంటాయి, ఉదయం ఒక జెట్, మధ్యాహ్నం ఒక జెట్ మార్చే అవసరం పోయింది. అయినా ఆ బండికి కూడా ముందు చక్రం వెనుక అదే లావుపాటి రేకు పైపు వంపు తిరిగి ఉంటుంది. ముందు బండి టైరు చిమ్మిన రాయి తగిలి దాని మెడ దగ్గర అరచేయంత సొట్ట పడితే, ఎన్ని సెన్సర్లున్నా పికప్ మారిపోతుంది. అప్పుడు పైపును విప్పి, రెండు మూతులూ బిగించి, లోపలికి కొద్దిగా గాలి ఒత్తిడి పెట్టి, సొట్ట చుట్టూ రేకు ఎర్రబడే దాకా గ్యాస్ మంటతో కాల్చుతారు. మెత్తబడిన రేకు లోపలి గాలికి నెమ్మదిగా పొంగి, మళ్లీ తన గుండ్రానికి వస్తుంది.